తీస్తే ఎందుకు తీశావు, ఉంచితే ఎందుకు ఉంచావు: ఒక ఇంటి తోటలో కలుపు తగువు

ఇది ఒక ఇంటి తోట కేసు. ఇంటివాళ్లను గానీ తోటమాలిని గానీ గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను. మొక్కలూ పని జరిగిన తీరూ మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. ఇళ్ల తోటల నిర్వహణ చూడటం, తోటమాలులకు పని నేర్పడం నా వృత్తి. తోట చేయించుకునేవాళ్లకూ చేసేవాళ్లకూ మధ్య వచ్చే మనస్పర్థల్లో నేను చూసినంతవరకు ఎక్కువ కలుపు దగ్గరే మొదలవుతాయి. చెట్టు కొమ్మ ఎక్కువ కొట్టినా మళ్లీ చిగురిస్తుంది. ఏడాదంతా ఎదురుచూసిన నారును కలుపనుకుని పీకేస్తే ఆ సీజన్ పోయినట్టే. పైగా ఆ కోపం మొక్క మీద ఉండదు, మనిషి మీదికి మళ్లుతుంది.

నేపథ్యం

తోట మరీ పెద్దది కాదు. ఇంటి ముందు రెండు పూల మడులు, మధ్యలో ఇటుకలు పరిచిన దారి, ఒక పక్క చిన్న పచ్చిక, వెనక గోడ వెంబడి పెద్దావిడ పెంచుకునే మందు మొక్కల మూల. ఇంట్లో తోట పట్టించుకునేవాళ్లు ఇద్దరు. ఒకరు పెద్దావిడ. పొద్దునా సాయంత్రం తోటలోనే ఉంటారు. మరొకరు ఆవిడ కొడుకు. జీతం ఇచ్చేది, సామాను కొనేది ఆయన. వారంలో ఎక్కువ రోజులు తోటను గేటు దగ్గర నుంచి చూస్తారంతే.

తోటమాలి వ్యవసాయం తెలిసిన మనిషి. చేలో కలుపు తీసిన చెయ్యి. వారానికి రెండు పూటలు వస్తాడు. ఆయనకు ముందు పనిచేసినవాళ్లు చాలామందే మారారు. అందరి మీదా ఒకటే ఫిర్యాదు: మంచివి పీకేస్తారు, పిచ్చిమొక్కలు వదిలేస్తారు.

నన్ను పిలిచిన సందర్భం

కొడుకు ఫోన్ చేసి, "మొక్కలు తెలిసిన మంచి తోటమాలిని చూపించండి" అని అడిగారు. ఏం జరిగిందని అడిగితే చెప్పుకొచ్చారు. వానలు మొదలయ్యాక పెద్దావిడ ముందు మడిని "శుభ్రం చెయ్యి బాబూ" అన్నారు. తోటమాలి పూట మొత్తం కూర్చుని మట్టి కనిపించేలా శుభ్రం చేశాడు. కిందటేడు రాలిన గింజల నుంచి అప్పుడే మొలిచిన బంతి నారు, పందిరికి పాకాల్సిన కాశీరత్నం మొలకలు, ఒక పక్క నేల ఉసిరి మొత్తం పోయాయి. గోడ వారన మాత్రం ఒక వరస జాగ్రత్తగా వదిలిపెట్టాడు. "చామంతి పిలకలు ముట్టుకోవద్దని అమ్మగారు చెప్పారుగా" అన్నాడు. అవి చామంతి కావు, వయ్యారిభామ అనే కలుపు మొక్క.

పెద్దావిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కొడుకుకు కోపం వచ్చింది. తోటమాలి మానేస్తానన్నాడు.

కొత్త మనిషిని చూపించడం నాకు తేలిక. అయినా చూపించలేదు. మనుషులు మారినా ఫిర్యాదు మారలేదంటే లోపం మనుషుల్లో ఉండే అవకాశం తక్కువ. ఇప్పుడున్నాయన వయ్యారిభామను చామంతి అనుకోవడం మొక్కలు తెలియకపోవడమే, అది నిజం. కానీ బంతి నారు సంగతి వేరు. బంతి తెలియనివాడు కాదు ఆయన. మొలక దశలో దాన్ని గుర్తుపట్టలేదు, పైగా ఆ మడిలో బంతి తనంతట తాను మొలుస్తుందని, దాని కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇవి మూడు వేర్వేరు లోపాలు. మూడింటినీ "మొక్కలు తెలియవు" అనే ఒక్క మాట కింద కట్టేస్తే వచ్చే తోటమాలి కూడా అదే గుంటలో పడతాడు. కొత్త మనిషి సంగతి తర్వాత చూద్దాం, ముందు తోట చూస్తానన్నాను.

ముగ్గురితో విడివిడిగా

ముగ్గురినీ ఒకచోట కూర్చోబెట్టకుండా విడివిడిగా మాట్లాడాను. జీతం ఇచ్చేవాళ్ల ముందు తోటమాలి దేనికైనా "అలాగేనండి" అంటాడు. అది ఒప్పుకోవడం కాదు, తప్పించుకోవడం. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన అన్న మాట ఇది: "తీస్తే ఎందుకు తీశావంటారు, ఉంచితే ఎందుకు ఉంచావంటారు. నన్నేం చెయ్యమంటారు సార్?"

తర్వాత చిన్న పరీక్ష పెట్టాను. ఇంకా చెయ్యి పడని రెండో మడిలో, దాని పక్కనున్న దారిలో కలిపి ఒక పట్టీ గీశాను. ఒక్కొక్కరికీ ఒక్కో రంగు దారం కట్టిన పుల్లలు ఇచ్చి, మీరైతే ఏవేవి పీకేస్తారో వాటి పక్కన గుచ్చండి అన్నాను. ఒకరు గుచ్చేటప్పుడు మిగతా ఇద్దరూ అక్కడ లేరు. ఒకరి పుల్లలు ఎక్కడున్నాయో రాసుకుని, తీసేసి, అప్పుడు రెండోవాళ్లను పిలిచాను.

ఈ పరీక్ష ఎందుకంటే, "మీ దృష్టిలో కలుపంటే ఏమిటి?" అని నోటితో అడిగితే అందరూ ఒకే జవాబు చెబుతారు: అక్కర్లేని మొక్క. ఏది అక్కర్లేదో మొక్క ముందు నిలబడితేనే బయటపడుతుంది.

ముగ్గురూ కలిసినచోట తగువే లేదు. తుంగ, గరిక అందరూ గుచ్చారు. తేడాలన్నీ కొద్దిపాటి మొక్కల దగ్గర, అంతకంటే ముఖ్యంగా కొన్ని చోట్ల మాత్రమే వచ్చాయి. ఇటుకల సందుల్లో మొలిచిన బిళ్ళగన్నేరు పక్కన కొడుకు పుల్ల గుచ్చారు. పెద్దావిడ గుచ్చలేదు. తోటమాలి గుచ్చబోయి ఆగి, అటూ ఇటూ చూసి వదిలేశాడు. పులిచింత, కుప్పింట, గుంటగలగర, గడ్డి చామంతి దగ్గర కూడా ఇదే వరస.

పుల్లలు చూశాక ముగ్గురి లెక్కా తేలింది. కొడుకు దృష్టిలో నాటనిది ప్రతిదీ కలుపే, దారిలో ఉంటే నాటినదైనా కలుపే. పెద్దావిడ దృష్టిలో పూసేదీ పనికొచ్చేదీ ఎక్కడ మొలిచినా కలుపు కాదు. తోటమాలికి తనదంటూ ఒక లెక్క ఉంది, చేలో నేర్చుకున్నది. కానీ ఇక్కడ దాన్ని పక్కన పెట్టి, ఏది ఉంచితే తిట్లు పడతాయో అది తీస్తున్నాడు. తిట్లు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి కాబట్టి చివరికి మట్టి కనపడేలా తీసేయడమే క్షేమం అనుకున్నాడు. ఖాళీ మట్టి చూస్తే పని జరిగినట్టు కనిపిస్తుంది. ఎవరు అడిగినా చూపించడానికి అదే ఆయనకున్న రుజువు.

నాకు ఈ కేసు అర్థమైంది ఇక్కడే. ఆయనకు కరువైంది మొక్కల జ్ఞానం ఒక్కటే కాదు. ఈ చోట, ఈ దశలో ఉన్న ఈ మొక్క గురించి మాట ఎవరిదో ఆయనకు తెలియదు. అనుమానం వస్తే ఆగడానికి అనుమతి కూడా లేదు.

ప్రయత్నించి వదిలేసినవి

ముందు అందరూ చేసేదే చేశాం. తీయాల్సినవి ఒక వైపు, ఉంచాల్సినవి ఒక వైపు రాసి జాబితా ఇచ్చాం. పెద్దావిడ, కొడుకు కూర్చుని ఒప్పుకుని రాసినదే. రెండు వారాల్లో తేలిపోయింది. బిళ్ళగన్నేరును ఏ వైపు రాయాలి? మడిలో కావాలి, దారిలో వద్దు. జాబితాలో మొక్క పేరుకు చోటుంది గానీ మొలిచిన చోటుకు చోటు లేదు. ఇక జాబితాలో లేని మొక్క కనిపిస్తే ఏం చేయాలో కూడా అందులో లేదు. నేలలోంచి మొలిచేవాటిలో జాబితాలో లేనివే ఎక్కువ. అలాంటిది కనిపించినప్పుడల్లా తోటమాలి పాత పద్ధతే పట్టాడు, పీకేశాడు.

తర్వాత కొడుకు ఫోన్‌లో ఫోటోలు తీసి తోటమాలికి పంపారు. మంచి ఫోటోలు, అన్నీ పూలతో ఉన్నవి. కలుపు తీసేది మొక్క పూశాక కాదు. మొదటి రెండు ఆకులు, అంటే బీజదళాలు విడిచి, అసలు ఆకులు రెండో నాలుగో వచ్చిన దశలో తీస్తాం. అప్పుడైతే వేరు లోతుకు దిగదు, పక్క మొక్క కదలదు, గింజ రాలే భయం ఉండదు. ఆ దశలో బంతి బంతిలా ఉండదు. పైగా చేతులు బురదగా ఉన్న మనిషి ఎండలో ఫోన్ తెరిచి చూసుకుంటూ కలుపు తీస్తాడనుకోవడం పని తెలియని ఆలోచన.

మూడోది పుల్లల పద్ధతి. పరీక్షలో బాగా పనికొచ్చాయి కదా అని, ఉంచాల్సిన మొక్కల పక్కన పుల్లలు గుచ్చమని పెద్దావిడకే అప్పగించాం. ఎదిగిన మొక్కల విషయంలో ఇది ఇప్పటికీ మంచి పద్ధతే అంటాను. కానీ ఇక్కడ ప్రమాదంలో ఉన్నవి ఇంకా మొలవనివి. రేపు మొలిచే బంతికి ఈరోజు పుల్ల గుచ్చలేం. భయం కొద్దీ ఆవిడ ఖాళీ మట్టిలో కూడా గుచ్చుకుంటూ పోయారు. మడి నిండా పుల్లలయ్యాయి. అన్నిచోట్లా ఉన్న గుర్తును ఎవరూ గుర్తుగా చూడరు. తోటమాలి వాటి మధ్య చెయ్యి పెట్టడమే మానేశాడు. తుంగ మాత్రం చక్కగా పెరిగింది.

కొడుకు మధ్యలో "దారికైనా మడికైనా గడ్డి మందు కొట్టేస్తే పోదా?" అన్నారు. మడిలో వద్దన్నాను. గ్లైఫోసేట్ లాంటి మందుకు మంచి ఆకు, చెడ్డ ఆకు అనే తేడా లేదు. ఏ పచ్చ ఆకు మీద పడితే ఆ మొక్క వేళ్లదాకా దిగుతుంది. గాలికి తుంపర పక్కకు పోతే చాలు. ఇంకా మొలవని గింజలను అది ఆపదు కూడా. అంటే ఇప్పుడున్న మంచి నారు పోతుంది, వచ్చే వానకు కలుపు మాత్రం మళ్లీ వస్తుంది. ఏది ఉంచాలో తేలని చోట తేడా తెలియని మందు కొట్టడం తగువును పెంచుతుందే తప్ప తీర్చదు.

ఎండుటాకులు పరుద్దామా అనే ప్రశ్న మాత్రం ఆలోచించాల్సిందే. ఐదారు సెంటీమీటర్ల మందాన పరిస్తే వెలుతురు అందక చాలా గింజలు మొలవవు. చిక్కేమిటంటే ఆ గింజల్లో పెద్దావిడ ఎదురుచూసే బంతి కూడా ఉంది. అందుకని పొదల మొదళ్లలో మాత్రమే పరిచాం. రాలిన గింజల నుంచి మొలిచే మడిని తెరిచి ఉంచాం. తుంగ మీద మాత్రం దీనికి ఆశ పెట్టుకోకూడదు. దాని మొలక సూదిలా ఉంటుంది, ఆకుల పొరను ఇట్టే చీల్చుకుని పైకి వస్తుంది.

పనిచేసినది

మొక్కల సంగతి పక్కనపెట్టి ముందు నేలను పంచాం. దారి, పచ్చిక, గోడల మొదళ్లు కొడుకు మాట. రెండు పూల మడులు, వెనక మూల పెద్దావిడ మాట. ఒకరి చోటులో రెండోవాళ్లు తోటమాలికి నేరుగా చెప్పకూడదు. చెప్పాలనుకుంటే ఆ చోటు ఎవరిదో వాళ్లతో మాట్లాడుకోవాలి. ఇది ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. పెద్దావిడ బిళ్ళగన్నేరు కోసం చాలా వాదించారు. దారిలో మొలిచినవాటిని పారేయకుండా, చిన్నగా ఉన్నప్పుడే మట్టితో లేపి మడిలో పెట్టే ఒప్పందం మీద దిగివచ్చారు.

పంచడంతోనే పని కాలేదు. తెలియని మొక్క ఎదురైతే ఏం చేయాలో ప్రతి చోటుకూ ముందే చెప్పి పెట్టాం. దారిలో తెలియనిది కనిపిస్తే తీసెయ్యాలి. మడిలో తెలియనిది కనిపిస్తే ఉంచాలి, గోనె గుడ్డ పీలిక కట్టిన ఒక్క పుల్ల పక్కన పెట్టి, వచ్చే వారం అడగాలి. ఈ తేడాకు కారణం ఉంది. దారిలో తప్పుగా తీస్తే పోయేది తక్కువ. మడిలో తప్పుగా తీస్తే తిరిగి రాదు, తప్పుగా ఉంచితే వారం ఆగి తీసుకోవచ్చు. నాలుగు ఆకుల మొక్క వారానికి ఆరు ఆకులవుతుంది, అంతే. అప్పటికి అదేమిటో చాలావరకు చెప్పగలం.

ఆగడానికి వీల్లేనివి కూడా ఉన్నాయి. అందుకని ఎవరి చోటైనా, ఎవరినీ అడగకుండా తీసెయ్యాల్సినవి రెండు పెట్టాం. ఒకటి తుంగ. పైన ఆకులు పీకితే తెగి చేతికి వస్తుంది, కింద గడ్డ ఉండిపోతుంది. గడ్డలు గొలుసులా ఒకదాని నుంచి ఒకటి పుడతాయి, మొలిచిన కొన్ని వారాల్లోనే కొత్తవి మొదలవుతాయి. తుంగకు గడువిస్తే గడ్డల సంఖ్య పెంచుకున్నట్టే. దాన్ని దోకుడు పారతో చెక్కితే చాలదు, తవ్వి గడ్డతో సహా ఏరాలి, లేదా మొలిచినప్పుడల్లా వదలకుండా తీస్తూ గడ్డలో సత్తువ అయిపోయేదాకా నడపాలి. రెండోది వయ్యారిభామ. మొలిచిన నెల, నెలన్నరలోనే పూతకు రాగలదు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. కొందరికి చర్మం మీద దద్దుర్లు వస్తాయి, పుప్పొడికి ఆయాసం వస్తుంది. పూతకు ముందే చేతికి తొడుగు వేసుకుని వేరుతో సహా తీయాలి. పులిచింతను మూడోదిగా చేరుద్దామా అనుకున్నాం. కాయ పగిలి గింజలను దూరంగా చిమ్ముతుంది, కణుపు కణుపుకూ వేరు పోస్తుంది. కానీ దాని మీద చిన్న నీలి సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయని పెద్దావిడ గమనించారు. ఆ మాట నిజం. మడి అంచున ఒక గుత్తి ఉంచి, మిగతాది కాయ కట్టకముందే తీసే ఏర్పాటు చేశాం.

ఇక మొలకలను గుర్తుపట్టడం. దీనికి నమూనా కుండీలు పెట్టాం. పెద్దావిడ దాచిన బంతి, కాశీరత్నం, శంఖు పూల గింజలు ఒక్కో కుండీలో చిటికెడు వేశాం. వారం ఆగి పక్కన ఇంకో చిటికెడు. దాంతో ఒకే కుండీలో వేర్వేరు వయసుల మొలకలు కనిపిస్తాయి. పక్కన ఇంకో కుండీలో మడి నుంచి లేపిన కుప్పింట, గలిజేరు, పిచ్చి తోటకూర మొలకలు. వీటిని కుళాయి దగ్గర పెట్టాం, పని మొదలుపెట్టే ముందు చేతులు కాళ్లు తడిపేది అక్కడే కాబట్టి కన్ను పడక తప్పదు. కాశీరత్నం మొదటి రెండు ఆకులు ఒక్కోటీ రెండుగా చీలి ఉంటాయి, తర్వాత వచ్చే ఆకు ఈకలా ఉంటుంది. ఒకసారి కుండీలో చూసినవాళ్లు మళ్లీ మడిలో పొరబడరు. ఫోటో ఇవ్వలేనిది ఇదే: సైజు, నిలబడే తీరు, పక్కన పెట్టి పోల్చుకునే వీలు.

వయ్యారిభామను కుండీలో పెంచలేదు. ఎలర్జీ వచ్చే మొక్కను కుళాయి దగ్గర పెంచడం సరికాదు. నేలలో ఉన్నదాన్నే చూపించాను. వయ్యారిభామ చిన్నప్పుడు ఆకులన్నీ నేలకు అతుక్కుని చుట్టూ పరుచుకుంటాయి, కాడ పైకి లేవదు, ఆకు మీద సన్నని నూగు ఉంటుంది. బంతి మొలకకు మొదటి నుంచీ నిటారుగా కాడ ఉంటుంది, ఆకులు ఎదురెదురుగా జతలుగా వస్తాయి. ఆకు నలిపి వాసన చూస్తే బంతి ఇట్టే తెలుస్తుంది, నిజమే. కానీ ఆ అలవాటు వద్దన్నాను. అనుమానం ఉన్నది వయ్యారిభామ అయితే నలిపిన చేతికే ముప్పు. ముందు కంటితో తేల్చుకోవాలి.

అన్నిటికంటే చిన్న మార్పు గోనె సంచి. పీకినవాటిని వెంటనే చెత్తలో వేయకుండా, తడి గోనె మీద వేళ్లు ఒక వైపు వచ్చేలా పరిచి వెళ్లాలి. పెద్దావిడ సాయంత్రం చూస్తారు. పొరపాటున వచ్చిన నారు ఉంటే వేరు తడిగా ఉండగానే తిరిగి నాటేయొచ్చు. బంతి నారు ఇంతమాత్రానికి చావదు. ఇంకో లాభం కూడా ఉంది. గంగవాయిలిని పీకి మట్టి మీదే వదిలేస్తే తడికి కాడ ముక్కలు మళ్లీ వేరు పోసుకుంటాయి. గోనె మీద పడితే ఆ దారి మూసుకుపోతుంది. అన్నిటికీ మించి, పని జరిగిందనే రుజువు ఖాళీ మట్టి నుంచి గోనె మీదికి మారింది. ఇప్పుడు తోటమాలి నాలుగు తుంగ గడ్డలు పరిచి వెళ్లినా ఆయన ఏం చేశాడో కనపడుతుంది. మడిని బోడి చేసి చూపించాల్సిన అవసరం లేదు.

మాట కూడా మార్చాం. "శుభ్రం చెయ్యి" అనే మాట మడుల విషయంలో వాడొద్దన్నాను. "ఈ మడిలో తుంగా గడ్డీ తియ్యి, తక్కినవి ఉంచు" అనడం మొదలుపెట్టారు పెద్దావిడ. తోటమాలికి ఒక మాట అలవాటు చేశాం: "ఇది తెలియలేదమ్మా, పక్కన పుల్ల పెట్టాను." ఈ మాట అన్నందుకు విసుక్కోనని పెద్దావిడ చేత, అడగడానికి పట్టే సమయం కూడా పని సమయమేనని కొడుకు చేత ఆయన ఎదుటే చెప్పించాను. తెలియదని చెబితే తన మీద నమ్మకం పోతుందనే భయం పనిచేసేవాళ్లందరికీ ఉంటుంది. ఆ భయం తీయకుండా ఎన్ని కుండీలు పెట్టినా ఆయన ఊహించి పీకుతూనే ఉంటాడు.

తర్వాత ఎలా నడిచింది

కొత్త పద్ధతి కుదురుకున్నాక ఒక పూట కొడుకు అడిగారు, ఇంకెన్నాళ్లు ఇలా, ఒకసారి గట్టిగా తీయిస్తే మళ్లీ రాకుండా పోదా అని. మట్టిలో గింజ ఎంతకాలం బతుకుతుందో చెప్పాను. విలియం జేమ్స్ బీల్ అనే అమెరికన్ వృక్షశాస్త్రవేత్త 1879లో ఇసుకలో కలిపిన కలుపు గింజలను ఇరవై సీసాల్లో నింపి పాతిపెట్టారు. కొన్నేళ్లకొకటి చొప్పున తవ్వి మొలకెత్తించే పని ఆయన తర్వాతివాళ్లు కొనసాగిస్తూ వచ్చారు. 2021లో తీసిన సీసాలో కూడా కొన్ని గింజలు మొలిచాయి. అన్ని జాతులూ అంతకాలం ఉండవు. కానీ తవ్విన ప్రతిసారీ కింద నిద్రపోతున్న గింజలు వెలుతురుకు వస్తాయన్నది ప్రతి తోటలోనూ నిజమే. ఒక్కసారితో అయ్యే పని కాదని తెలిశాక ఆయన "ఎప్పటికి పూర్తవుతుంది" అనడం మానేసి, "ఈ నెల దారిలో ఏం వస్తోంది" అని అడగడం మొదలుపెట్టారు.

తర్వాతి వానలకు బంతి నారు మడిలో నిలిచింది. పొరపాట్లు ఆగిపోలేదు. ఒకసారి శంఖు పూల మొలకలు గోనె మీద కనిపించాయి. పెద్దావిడ సాయంత్రమే తిరిగి నాటించి, మర్నాడు తోటమాలికి కుండీలో చూపించారు. మునుపైతే ఇదే విషయం ఇల్లంతా టెన్షన్ అయ్యేది.

నేను అనుకోనిది ఇంకోటి జరిగింది. వెనక మూలలో పెద్దావిడ ఇష్టంగా కాపాడుకుంటున్న ఒక మొక్కను చూసి, "అమ్మగారూ, మీరు అటికమామిడి అంటున్నారు గానీ ఇది చేలో మేం తీసే గలిజేరులా ఉంది" అన్నాడు తోటమాలి. కిందటేడు ఆ మాట ఆయన నోట వచ్చేది కాదు. పెద్దావిడ ఒప్పుకోలేదు. నియమం ప్రకారం పక్కన పుల్ల పెట్టారు, పూత దాకా ఆగారు. అటికమామిడికి సన్నని పొడుగు కాడల చివర చిన్న చిన్న గులాబీ రంగు పూల గుత్తులు వస్తాయి. గలిజేరు పువ్వు ఆకు మొదట్లోనే, కాడ లేకుండా అతుక్కుని పూస్తుంది. పూసింది. గలిజేరే. ఆవిడ తన చేత్తోనే తీసి గోనె మీద పెట్టారు.

ఈ కేసు నుంచి నా పనిలోకి వచ్చినవి

కొత్త తోటకు వెళ్లినప్పుడు మొదట "మీ ఇంట్లో తోట గురించి తోటమాలికి చెప్పేవాళ్లు ఎవరెవరు?" అని అడుగుతాను. ఒకరికంటే ఎక్కువ ఉంటే మొక్కల గురించి మాట్లాడకముందే చోట్లు పంచుతాను. దారం పుల్లల పరీక్ష కూడా మానను. తగువు ఎక్కడుందో అది గంటలో చూపిస్తుంది, అదే మాటల్లో అయితే నెలలు పడుతుంది. "దానంతట అదే మొలిచేవాటిలో మీకు కావాల్సినవి ఏమిటి?" అనే ప్రశ్న వానలకు ముందే అడుగుతాను, మొలిచాక అడిగితే అప్పటికే ఎవరో ఒకరు పీకి ఉంటారు.

ఈ పద్ధతి అన్నిచోట్లా కుదరదు. ఇక్కడ ఒకే తోటమాలి, ఒకే ఇల్లు, రోజూ తోటలో తిరిగే మనిషి ఉన్నారు. మనుషులు వారం వారం మారే పెద్ద ఆవరణల్లో నమూనా కుండీలు చూసి నేర్చుకునే మనిషి నిలవడు, గోనె చూసేవాళ్లు ఉండరు. అక్కడ నేను రెండే పెడతాను: ఏ చోటులో తెలియనిది కనిపిస్తే తీయాలో ఏ చోటులో ఉంచాలో చెప్పే గుర్తు, అడగకుండా తీయాల్సిన రెండు మూడు మొక్కలు. నారు కావాలంటే నర్సరీ ట్రేలో పెంచి నాటుకోమంటాను. తనంతట తాను మొలిచేదాని మీద ఆధారపడే తోట అలాంటి చోట నిలబడదు.

ఈ ఇంట్లో కూడా ఒకటి తేలకుండానే ఉంది. పచ్చికలో వచ్చే గడ్డి చామంతి. దాని మీద వాలే సీతాకోకచిలుకల కోసం ఉంచమంటారు పెద్దావిడ. గింజ గాలికి ఎగిరి పచ్చికంతా పాకుతుందంటారు కొడుకు. ఇద్దరి మాటా నిజమే. పచ్చిక ఆయన చోటు కాబట్టి మాట ఆయనదే. ఆయనే దిగి గోడ వారన ఒక పట్టీ వదిలారు. పూలు వాడి తెల్ల నూగు విడవకముందే తోటమాలి ఆ తలలు తుంచాలన్నది షరతు. ఈ ఏర్పాటు ఉంచాలో మార్చాలో వచ్చే వానలకు ముందు ముగ్గురూ కలిసి ఆ పట్టీ దగ్గరే నిలబడి తేల్చుకుంటామన్నారు.